నౌకాదళాధికారుల చిత్రాలతో శుభాకాంక్షల కార్డులు: నా అనుభవం

కోరుకొండ సైనిక పాఠశాలలో నాతో చదివినవారిలో కొందరు నౌకాదళంలో చేరారు. 1971లో మన క్షిపణి పడవలు కరాచీ రేవుపై దాడి చేసినందుకు గుర్తుగా ఏటా డిసెంబరు 4న జరిగే నౌకాదళ దినోత్సవానికి వారికి ఫోనులో ఒక బొమ్మ పంపి ఊరుకోవడం నాకు రుచించలేదు. పాతతరం అధికారుల ఛాయాచిత్రాలతో కార్డులు అచ్చువేయించి తపాలాలో పంపాలనుకున్నాను. విజయనగరంలో శుభలేఖలు వేసే ప్రెస్సులకు కొదవ లేదు కనుక అచ్చు గురించి బెంగ లేకపోయింది. ఎవరి చిత్రం వేయాలి, దాన్ని వేసే హక్కు మనకుందా అన్నవి తేల్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

మొదటి ఎంపికలో సందేహం లేదు. 1958 ఏప్రిల్ 22న నౌకాదళాధిపతిగా బాధ్యతలు చేపట్టిన రామదాస్ కటారి ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు. అంతకుముందు వరకు ఆ కుర్చీలో బ్రిటిష్ అధికారులే ఉండేవారు. రెండో కార్డుకు 1971 యుద్ధకాలపు దళాధిపతి ఎస్.ఎం. నందాను అనుకున్నాను. మన కాపీరైటు చట్టం ప్రకారం ఫొటోపై హక్కు, దాన్ని తీసినవారు మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు నిలుస్తుంది; తీసినవారి పేరు లేకుండా వెలువడితే, ప్రచురితమైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. ఆ లెక్కన 1958లో తీసినవారి పేరు లేకుండా పత్రికలో వచ్చిన కటారి చిత్రంపై హక్కు 2018తో తీరిపోయింది. 1971లో వెలువడిన నందా చిత్రంపై మాత్రం కనీసం 2031 చివరి వరకు ఉంటుంది. నెట్‌లో కనబడిన ఫొటో అందరిదీ అనుకునేవారు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. నేను హక్కుదారుకు ఉత్తరం రాసి, అనుమతి కాగితం చేతికి వచ్చాకే రెండో చిత్రాన్ని ప్రెస్సుకిచ్చాను.

అచ్చులో నిజమైన చిక్కు తెల్ల యూనిఫాం. పాత పత్రికలో ఫొటో అంటే సన్నని చుక్కల సముదాయమే కనుక, దాన్ని స్కాన్ చేసి యథాతథంగా అచ్చువేస్తే పాత చుక్కలమీద కొత్త చుక్కలు పడి బట్టమీద అలల్లాంటి చారలు తేలతాయి. అందుకని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేయించి, చుక్కలు కనబడనంతగా మసకబరచి, తరవాత సైజు తగ్గించి పదును పెట్టించాను. నలుపు తెలుపు చిత్రమే అయినా మొదటి ప్రూఫ్‌ను నాలుగు రంగుల్లో తీయడంతో ముఖానికి పచ్చని ఛాయ వచ్చింది; నల్ల రంగు ఒక్కదానితోనే తీస్తే అది పోయింది. అయితే తెల్లకాగితంలో తెల్లచొక్కా కలిసిపోయి, ముఖమూ భుజపట్టీలూ మాత్రం గాలిలో తేలుతున్నట్టు ఉన్నాయి. చిత్రం వెనుక లేత బూడిదరంగు పరిచి, నిగనిగలాడే బోర్డు మాని 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) మ్యాట్ బోర్డు తీసుకున్నాక చొక్కా మడతలు కూడా తెలిశాయి.

డీటీపీ చేసే కుర్రాడు మంచి పనివాడే. అక్షరాల వైపు చూస్తున్నట్టు ఉంటే బాగుంటుందని, "మాస్టారూ, ముఖం ఇటు తిప్పేస్తాను" అన్నాడు. తిప్పితే ఎడమ రొమ్ముమీద ఉండవలసిన పతకాల రిబ్బన్లు కుడివైపుకు పోతాయి. సాధారణ పాఠకుడికి అది పట్టదేమో గాని, ఈ కార్డు అందుకునేవాడికి మొదట కనబడేది అదే. చిత్రాన్ని ఉన్నట్టే ఉంచి అక్షరాలనే రెండోవైపుకు జరిపించాను. అదే విధంగా కటారి పేరు ముందు అడ్మిరల్ అని వేయబోతే ఆపి, వైస్ అడ్మిరల్ అని దిద్దించాను. మన నౌకాదళాధిపతికి పూర్తి అడ్మిరల్ హోదా వచ్చింది 1968లో, ఎ.కె. ఛటర్జీ కాలంలో, కటారి అప్పటికే పదవీ విరమణ చేశారు. నందా విషయంలో అడ్మిరల్ అనడం సరైనదే.

మూడో కార్డుగా కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా చిత్రం వేయమని మిత్రుడొకడు కోరాడు. 1971 డిసెంబరు 9న డయ్యూ తీరానికి ఆవల ఆయన నాయకత్వంలోని యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి ముంచినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. వారితోపాటే ఓడలో ఉండిపోయిన ముల్లాకు మహావీరచక్ర ఇచ్చారు. ఆ ముఖం కింద శుభాకాంక్షలు అన్న మాట అచ్చువేయడానికి నాకు మనసొప్పలేదు. వీరుడి పేరు తలచుకోవడం వేరు, పండుగ కార్డుమీద అలంకారంగా పెట్టడం వేరు అని చెప్పి కాదన్నాను. మిత్రుడు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మడతగీత కాగితం పోగుల దిశలోనే పడేట్టు చూసుకుని కార్డులు కోయించాను. అడ్డంగా పడితే మడతవద్ద రంగు పగులుతుంది. ఓడలమీద ఉన్నవారి ఉత్తరాలు నౌకాదళపు తపాలా చూసే ఫ్లీట్ మెయిల్ ఆఫీసు ద్వారా వెళ్తాయి, ఓడ రేవుకు చేరేదాకా అక్కడే ఆగవచ్చు కూడా. అందువల్ల వారి కార్డులను నవంబరు మొదట్లోనే తపాలాకిచ్చి, విశాఖలో ఒడ్డున ఉన్నవారివి నెలాఖరుకు పంపాను.