రోహిణి కార్తెలో టైరు గాలి

కిందటి వేసవిలో రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం మీదుగా అమలాపురం చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటలయింది. ఊరి మొదట్లో ఒక బంకు దగ్గర ఆగి గాలి చూడమన్నాను. గాలి కొలిచే గేజీ నాలుగు చక్రాలకూ 37 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం) చూపించేసరికి ఆ కుర్రవాడు కంగారుపడి, ‘‘ఎండాకాలం కదండీ, ఇంతుంటే పేలిపోద్దండి, ముప్పై మూడుకి దించేత్తాను’’ అన్నాడు. నా కారు డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కరు మీద ఉన్న అంకె కూడా 33 కాబట్టి తల ఊపాను. మర్నాడు తెల్లవారుజామున ఇంటి దగ్గర సొంత గేజీతో చూస్తే 29 ఉంది. టైర్లలో ఎక్కడా పంక్చరు లేదు. పొరపాటు నేను తల ఊపడంలోనే జరిగింది.

స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకు చెప్పినది. బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నప్పుడు, లేదా ఇంటి నుంచి ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడవనప్పుడు మాత్రమే ఆ అంకెతో పోల్చి చూడాలి. పరుగెత్తే టైరు ప్రతి చుట్టులోనూ నొక్కుకుని, తేరుకుని, ఆ రాపిడికి వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి గాలి పీడనం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 33 ఉన్న టైరు 55 డిగ్రీలకు చేరితే గేజీ ఇంచుమించు 37 చూపిస్తుంది. టైరు తయారుచేసినవాళ్లు ఈ పెరుగుదలను ముందే లెక్కలోకి తీసుకున్నారు. వేడి టైరులో గాలి తీసి 33కు దించితే, అది చల్లారాక దాదాపు 29 మిగలడం లెక్క ప్రకారం జరగవలసిందే.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్నారు కాబట్టి, ఆ ఎండకు టైరు పగలకుండా గాలి తగ్గించాలనుకోవడం సహజంగానే తోస్తుంది. నిజం ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. గాలి తక్కువైన టైరు ఎక్కువగా నలుగుతుంది, ఎక్కువగా నలిగినది ఎక్కువగా వేడెక్కుతుంది. మే నెలలో జాతీయ రహదారి పక్కన చీలికలై పడి ఉన్న టైర్లను చూసినప్పుడల్లా, వాటిలో ఎన్నింటిని ఎండకు భయపడి ఖాళీ చేశారోనని నాకు అనుమానం వస్తుంది.

వేగం కోసం కొన్న కారుకు ఈ పొరపాటు మరింత ఖరీదైనది. నా కారుకు ఉన్నవి 225/40 ఆర్18 టైర్లు. 225 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, అందులో 40 శాతం పక్కగోడ (రిమ్ము నుంచి రోడ్డును తాకే భాగం దాకా ఉండే టైరు పక్క) ఎత్తు, అంటే 90 మిల్లీమీటర్లు. మామూలు కార్లకు వచ్చే 185/65 ఆర్15 టైరుకు ఇదే ఎత్తు 120 మిల్లీమీటర్లు ఉంటుంది. కాలువ గట్ల మీది రోడ్లు అంచుల్లో ఎలా తెగి ఉంటాయో కోనసీమవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. అలాంటి గోతిలో పడినప్పుడు పొట్టి పక్కగోడలో గాలి కూడా తక్కువగా ఉంటే, రబ్బరు గోతి అంచుకూ రిమ్ముకూ మధ్య నలిగి, లోపలి దారాలు తెగి, పక్కగోడ మీద బుడగ లేస్తుంది. కుదుపు తగ్గుతుందని గాలి దించే మిత్రులు నాకు ఇద్దరున్నారు. ఇద్దరూ రిమ్ములు మార్పించుకున్నారు.

వానాకాలంలో లెక్క ఇంకొకటి. నీళ్లు నిలిచిన రోడ్డు మీద టైరు నీటిని పక్కకు తోయలేక దాని మీదికి తేలే వేగం, పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. నాసా విమానపు టైర్ల మీద జరిపిన పరీక్షల నుంచి తేల్చిన సూత్రం ప్రకారం 33 దగ్గర అది గంటకు సుమారు 96 కిలోమీటర్లు, 29 దగ్గర సుమారు 90. కారు టైరుకు గాడులు ఉన్నంతకాలం కొంత వెసులుబాటు ఉంటుంది, అరిగాక ఉండదు. చించినాడ వంతెన దాటి 216వ నంబరు జాతీయ రహదారి మీద, ముందు వెళ్లే చేపల లారీ నుంచి నీళ్లు కారుతుండగా వెళ్లేవాడికి ఆ ఆరు కిలోమీటర్ల తేడా చిన్నది కాదు.

ఎక్కువ పెట్టడం దీనికి విరుగుడు కాదు. స్టీరింగు చురుగ్గా స్పందిస్తుందని 40 కొట్టించేవాళ్లున్నారు. స్పందించే మాట నిజమే కానీ, టైరు నడుము మాత్రమే రోడ్డును తాకి, అక్కడే అరిగి, ఎగుడుదిగుడుల మీద చక్రం ఎగిరిపడి, బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది. పక్కగోడ మీద అచ్చువేసిన గరిష్ఠ పీడనాన్ని సిఫార్సుగా చదువుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. కోయంబత్తూరు, చెన్నై ట్రాకుల మీద పరుగెత్తేవాళ్లు కావాలనే చల్లగా ఉన్నప్పుడు తక్కువ గాలితో మొదలుపెట్టి వేడి పీడనాన్ని గురిగా పెట్టుకుంటారు, అది కొలతలతో కూడిన వేరే విద్య. దాన్ని రావులపాలెం రోడ్డుకు తెచ్చుకోకూడదు. టైర్లలో మామూలు గాలికి బదులు నైట్రోజన్ నింపించడం గురించి అడిగేవారికి ఒకే మాట: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మన తేమ ఊళ్లలో అంతకంటే ముఖ్యం, గాలి కొట్టే దుకాణంవాడు కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీటిని రోజూ వదులుతున్నాడా లేదా అన్నది.

ఇప్పుడు పదిహేను రోజులకొకసారి, ఎండ టైరు మీద పడకముందే గేజీ పెడుతున్నాను. ఇద్దరం తిరిగేటప్పుడు స్టిక్కరు మొదటి వరుస, ఐదుగురం సామానుతో అంతర్వేది వెళ్లేటప్పుడు వెనుక చక్రాలకు అంకె పెరిగే రెండో వరుస. దారిలో పెరిగిన దాన్ని ముట్టుకోవడం మానేశాను. ఎడమవైపు వెనుక చక్రం మాత్రం ప్రతిసారీ ఒక పాయింటు తగ్గి కనబడుతోంది. సముద్రపు గాలికి అల్లాయ్ అంచు తుప్పుపట్టి అక్కడ గాలి జారుతోందేమో, వచ్చే వారం టైరు విప్పించి చూడాలి.