సీల్ మార్చే ముందు బ్రీదర్ చూడండి: కొండదారి జీపుల్లో ఆయిల్ లీకు

సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి, కోరాపుట్ వైపు వెళ్లే బళ్లు, రాయగడ నుంచి లోపలి ఊళ్లకు తిరిగే ఫోర్ బై ఫోర్ జీపులు, క్యాంపర్లు వానాకాలం ముగిసేసరికి ఎక్కడో ఒకచోట ఆయిల్ కారుస్తుంటాయి. షెడ్డుకు తీసుకెళ్తే మొదట వినబడే మాట "సీల్ పోయింది, మార్చేద్దాం". మారుస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అక్కడే చెమ్మ. ఆయిల్ సీల్ (తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే, పెదవి ఉన్న రింగు) ఏ కారణమూ లేకుండా పోవడం తక్కువ. లోపల గాలి ఒత్తిడి పెరిగో, బేరింగ్ ఆడుతూనో, ఫ్లాంజ్ (యాక్సిళ్లకు బలం మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని బిగించే ముక్క) అరిగి గాడి పడో, షాఫ్ట్‌కి తాడు చుట్టుకునో అది దెబ్బతింటుంది. ఆ కారణం పట్టుకోకుండా కొత్త సీల్ కొడితే డబ్బు దండగ.

ముందు కారేది ఏ ఆయిలో తేల్చుకోవాలి. వేలికి రాసుకుని వాసన చూడండి. గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, గంధకం ఘాటు కొడుతుంది. డీజిల్ ఇంజన్ ఆయిల్ నల్లగా, దానికంటే పలుచగా ఉంటుంది. బ్రేక్ ఆయిల్ ఇంకా పలుచన. నీళ్లు పోస్తే కరిగిపోతుంది, పడినచోట పెయింటు లేచిపోతుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ చాలా బళ్లలో ఎర్రగా ఉంటుంది. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే బెల్ హౌసింగ్ అడుగున చుక్క కనబడినప్పుడు ఈ వాసనే దారి చూపిస్తుంది. నల్లటిదైతే ఇంజన్ వెనక సీల్, గంధకం వాసన వస్తే గేర్‌బాక్స్ ముందు సీల్. ఏదైనా గేర్‌బాక్స్ దింపక తప్పదు కాబట్టి, దింపినప్పుడే రెండు సీళ్లూ మార్చి క్లచ్ ప్లేట్ కూడా చూసుకోవడం మేలు.

నేల మీద పడ్డ చుక్కను చూసి మూలం చెప్పకూడదు. బండి నడుస్తుంటే గాలి ఆయిల్‌ని వెనక్కి తోస్తుంది, షాఫ్టులు చుట్టూ చిమ్ముతాయి. కిరోసిన్, వైర్ బ్రష్‌తో అడుగంతా శుభ్రంగా కడిగి గుడ్డతో తుడవండి. ప్రెషర్ నీళ్లు సీళ్ల మీదా, బ్రీదర్ల (లోపలి గాలి వచ్చిపోయే చిన్న దారులు) మీదా నేరుగా కొట్టొద్దు. బాగా ఆరాక అనుమానం ఉన్నచోట టాల్కం పౌడర్ పలుచగా చల్లి, ఓ 20 కిలోమీటర్లు తిప్పండి. అందులో కొంత దూరం మట్టిరోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడపాలి, అప్పుడే ముందు యాక్సిల్‌కి (ఇరుసుకి) లోడ్ పడుతుంది. (తారురోడ్డు మీద పార్ట్ టైమ్ (కావాలన్నప్పుడే వేసుకునే) ఫోర్ వీల్ వేయకండి. మలుపుల్లో ముందు, వెనక చక్రాల వేగాలు వేరవుతాయి, తారు మీద చక్రం జారలేదు కాబట్టి ఆ తేడా మొత్తం షాఫ్టుల మీద పడుతుంది.) తిరిగొచ్చి కింద దూరి చూస్తే అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు తడిసిన చోటే మూలం.

ఇక బ్రీదర్. డిఫరెన్షియళ్లకు (యాక్సిల్ మధ్యలో బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె), ట్రాన్స్‌ఫర్ కేసుకు (గేర్‌బాక్స్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె), గేర్‌బాక్సుకు గాలి వచ్చిపోయే చిన్న దారి ఉంటుంది. ఘాటీ ఎక్కేటప్పుడు లోపలి ఆయిల్, గాలి వేడెక్కి వ్యాకోచిస్తాయి. కోరాపుట్ ఎర్రమట్టి ఎండి ఆ దారి మూసుకుపోతే ఒత్తిడి వెళ్లడానికి సీల్ పెదవి తప్ప వేరే చోటుండదు. వేడి మీదున్న యాక్సిల్‌ని గెడ్డలో (వాగులో) దించితే నష్టం ఇంకా ఎక్కువ. చల్లటి నీళ్లకు లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, సీల్ పక్క నుంచి నీటిని లోపలికి లాగుతుంది. ఆ తర్వాత డ్రెయిన్ విప్పితే పాలు కలిపిన టీ రంగులో వస్తుంది ఆయిల్. అలా వస్తే పూర్తిగా తీసేసి, కొత్తది పోసి, కొన్ని కిలోమీటర్లు నడిపి, మళ్లీ తీసి చూడాలి. ఒక్కసారి మారిస్తే నీరంతా పోదు.

పరీక్ష సులువు. ఎత్తు ఎక్కి వచ్చిన బండి ఫిల్లర్ ప్లగ్‌ని మెల్లగా వదులు చేయండి. బుస్సుమని గాలి వస్తే బ్రీదర్ మూసుకుంది. చేతికి గ్లవ్స్ ఉండాలి, వేడి ఆయిల్ చేయి కాలుస్తుంది. బ్రీదర్ విప్పి డీజిల్‌లో నానబెట్టి ఊదండి, గాలి పోకపోతే కొత్తది వేయండి. గెడ్డలు తరచుగా దాటే బండికి ఇంకో పని చేయిస్తే చాలా ఏళ్లు కాపాడుతుంది: బ్రీదర్ స్థానంలో నిపుల్ బిగించి, 6 నుంచి 8 మిల్లీమీటర్ల ఫ్యూయల్ పైపు తగిలించి, ఛాసిస్ వెంట ఇంజన్ గది పై భాగం దాకా తీసుకెళ్లి, చివర చిన్న ఫ్యూయల్ ఫిల్టర్ పెట్టడం. యాక్సిల్ కిందకి వేలాడినప్పుడు పైపు సాగిపోకుండా కొంత వదులు ఉంచాలి, సైలెన్సర్‌కి తగలనివ్వకూడదు.

బ్రీదర్ బాగుంటే లెవెల్ చూడాలి. సమతలం మీద, ఆయిల్ చల్లారాక, ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి, చాలా బళ్లకు లెక్క అదే. లీకవుతోందని ముందుజాగ్రత్తగా ఎక్కువ పోస్తే లీకు పెరుగుతుంది. పాత జీపుల్లో ఇంకో తిరకాసు ఉంది. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు ఒకదానికొకటి అతికి ఉంటాయి, మధ్య సీల్ పోతే ఒకదాని ఆయిల్ రెండోదాంట్లోకి వెళ్తుంది. ఒకటి పొర్లి కారుతుంటుంది, రెండోది ఎండి గేర్లు కాలిపోతాయి. అందుకే రెండిటి ప్లగ్గులూ ఒకేసారి విప్పి చూడాలి. ఎప్పుడైనా సరే ఫిల్లర్ ప్లగ్ తిరుగుతుందో లేదో చూశాకే డ్రెయిన్ విప్పండి. ఆయిల్ తీసేశాక ఫిల్లర్ పట్టేసిందని తెలిస్తే బండి అక్కడే నిలబడిపోతుంది.

ఎక్కువ పని పెట్టేది పినియన్ సీల్, అంటే షాఫ్ట్ బలాన్ని డిఫరెన్షియల్‌లోకి తీసుకెళ్లే చిన్న గేరు (పినియన్) దగ్గరి సీల్. డిఫరెన్షియల్ ముక్కు తడిసి, దానికి ఎదురుగా ఫ్లోర్ అడుగున అడ్డంగా ఒక గీతలా ఆయిల్ చిమ్మి ఉంటే అదే. ముందుగా ఫ్లాంజ్ చుట్టూ చూడండి. కోతల రోజుల్లో రోడ్ల మీద ఆరబోసిన వరిగడ్డి, చోళ్ల (రాగుల) చొప్ప, ఎరువుల బస్తాల ప్లాస్టిక్ దారం షాఫ్ట్‌కి చుట్టుకుని లోపలికి పాకి సీల్ పెదవిని కోసేస్తాయి. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్‌కీ ఫ్లాంజ్‌కీ పెయింటుతో గుర్తు పెట్టి విప్పండి. క్రాస్ (షాఫ్ట్ చివర నాలుగు కాళ్ల కీలు) కప్పులకు టేపు చుట్టకపోతే లోపలి సూది బేరింగులు రాలిపోతాయి. ఒక హెచ్చరిక: వెనక షాఫ్ట్ విప్పాక గేర్‌లో వేసి ఉంచినా బండి ఆగదు. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనకే ఉంటుంది కాబట్టి అది కూడా పనిచేయదు. చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టి, స్టాండుల మీద నిలబెట్టాకే కింద దూరాలి. జాకీని నమ్మొద్దు.

ఇప్పుడు ఫ్లాంజ్ పట్టుకుని ఊపండి. గుండ్రంగా తిప్పితే కాస్త ఆడటం మామూలే, అది పళ్ల మధ్య ఖాళీ. పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ ఆడితే బేరింగ్ పోయినట్టు. అలాంటప్పుడు సీల్ మార్చి ప్రయోజనం లేదు, క్రౌన్ పినియన్ సెట్టింగ్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద, చిన్న గేర్ల అమరిక) తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఆట లేకపోతే చక్రాలు, డ్రమ్ములు తీసేసి, చిన్న కొలతల టార్క్ రెంచితో (తిప్పే బలం చూపించే పానాతో) పినియన్ తిరగడానికి ఎన్ని అంగుళ-పౌండ్ల బలం పడుతుందో చూసి రాసుకోండి. నట్టు, షాఫ్ట్, ఫ్లాంజ్ మూడిటి మీదా పంచ్‌తో గుర్తు కొట్టండి. నట్టు బయట ఎన్ని మరలు కనబడుతున్నాయో లెక్కపెట్టండి. ఫ్లాంజ్‌ని పుల్లర్‌తో లాగాలి. సుత్తి దెబ్బ బేరింగ్ మీద పడుతుంది.

ఫ్లాంజ్ మీద సీల్ తిరిగిన చోట గోరు గీసి చూడండి. గోరు పట్టుకునేంత గాడి ఉంటే కొత్త సీల్ కూడా కారుతుంది. పలుచని స్టీల్ స్లీవ్ (తొడుగు) ఎక్కించాలి, లేదా ఫ్లాంజ్ మార్చాలి, లేదా హౌసింగ్‌లో చోటుంటే సీల్‌ని 1, 2 మిల్లీమీటర్లు తక్కువ లోతుకు కొట్టి పెదవి కొత్త చోట ఆనేలా చూడాలి. కొద్దిపాటి మరకలైతే 600 నంబర్ ఎమరీతో చుట్టూతా రుద్దండి. నిలువుగా రుద్దితే ఆ గీతల వెంబడే ఆయిల్ బయటికి వస్తుంది.

సీల్‌లో స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపు ఉండాలి. పెదవికి గ్రీజు రాయండి. బయట అంచు ఉత్త ఇనుమైతే గాస్కెట్ సీలెంట్ పలుచగా రాయాలి, రబ్బరు పూత ఉంటే అక్కర్లేదు. సీల్ బయటి కొలతకు సరిపోయే పైపు ముక్కతో సమంగా దింపండి. వంకరగా కొడితే స్ప్రింగ్ ఎగిరిపోయి ఆ రోజే కారుతుంది. ఫ్లాంజ్ లోపలి స్ప్లైన్లకూ (షాఫ్ట్ పట్టుకునే గాడి పళ్లకూ) వాషర్ కిందా కొంచెం సీలెంట్ తప్పనిసరి. చాలామంది సీల్ అని పొరపడే లీకు నిజానికి స్ప్లైన్ల గుండా వచ్చి నట్టు మధ్యలోంచి కారేదే.

బిగించేటప్పుడు ఆగి ఆలోచించండి. కొన్ని యాక్సిళ్లలో రెండు పినియన్ బేరింగుల మధ్య షిమ్ములు (పలుచని రేకు రింగులు) ఉంటాయి. వాటికి మాన్యువల్ చెప్పిన టార్క్ సరిపోతుంది. మరికొన్నిట్లో నలిగే స్లీవ్ (బిగించేకొద్దీ పొడవు తగ్గే గొట్టం) ఉంటుంది. అక్కడ పానాకి పొడుగు పైపు తగిలించి బలమంతా వేస్తే స్లీవ్ ఇంకా నలిగి, బేరింగ్ బిగుసుకుని, వేడెక్కి ఊళ పెడుతుంది. వదులు చేసినా స్లీవ్ మళ్లీ పొడవవదు, కొత్తదే కావాలి. కొత్త నట్టును పాత లోతు దాకా తెచ్చి, పినియన్ తిప్పి కొలిచి, పాత అంకెకు సమానంగానో రెండు మూడు అంగుళ-పౌండ్లు ఎక్కువగానో వచ్చేదాకా కొంచెం కొంచెం బిగించండి.

వెనక డ్రమ్ములో ఆయిల్ కనబడితే మళ్లీ వాసనే ఆధారం: బ్రేక్ ఆయిలైతే వీల్ సిలిండర్, గేర్ ఆయిలైతే యాక్సిల్ సీల్. తడిసిన బ్రేక్ షూలను పెట్రోలుతో కడిగి, కాల్చి మళ్లీ వేసే అలవాటు మన షెడ్లలో ఇంకా పోలేదు. దయచేసి ఒప్పుకోకండి. లైనింగు లోపలికి ఇంకిన ఆయిల్ వేడికి మళ్లీ పైకొస్తుంది, సుంకి దిగేటప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. షూలు రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. బేరింగ్‌ని పట్టి ఉంచే కాలర్ ఉన్న యాక్సిల్ అయితే ప్రెస్సు కావాలి, ఆ కాలర్ ఒకసారి తీశాక మళ్లీ పనికిరాదు.

ముందు యాక్సిల్‌లో గుండ్రటి మూత నకిల్ (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు) ఉన్న జీపులకు లోపల గ్రీజు ఉంటుంది. అక్కడ గ్రీజు పలచబడి గేర్ ఆయిల్‌లా కారుతుంటే బయటి ఫెల్ట్ (ఉన్ని సీల్) ఒక్కటీ మార్చి ఊరుకోవద్దు, లోపలి యాక్సిల్ సీల్ పోయింది.

ట్రాన్స్‌ఫర్ కేసు అవుట్‌పుట్ సీళ్లు పదేపదే పోతుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు పట్టి చూడండి. అరిగిన క్రాస్ షాఫ్ట్‌ని ఊపుతుంది, ఆ ఊపే సీల్‌ని తినేస్తుంది. పాత జీపుల్లో షిఫ్ట్ రాడ్ల సీళ్లు, మధ్య షాఫ్ట్ 'ఓ-రింగ్' (గుండ్రటి రబ్బరు రింగు) కూడా అనుమానించాల్సినవే.

సీల్ కొనేటప్పుడు ముఖం మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం వరసగా ముద్రించి ఉంటాయి. పాతది చేత్తో పట్టుకెళ్లండి. బాణం గుర్తున్న సీల్ అయితే షాఫ్ట్ తిరిగే దిశకు సరిపోవాలి. ఆ బండి సామాను ఊళ్లో దొరక్కపోతే సాలూరు లారీల ఊరు కాబట్టి అక్కడ కొలత చెబితే దొరికే అవకాశం ఎక్కువ. ఆయిల్ విషయంలో యాక్సిళ్లకు సాధారణంగా జీఎల్-5 రకం గేర్ ఆయిల్, ఇత్తడి సింక్రో రింగులున్న (గేర్లు సాఫీగా పడేలా చేసేవి) గేర్‌బాక్సుకు జీఎల్-4 రకం. ఎలక్ట్రిక్ షిఫ్ట్ ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసులు చాలావాటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్). చిక్కటి ఆయిల్ పోస్తే లీకు ఆగుతుందని ఎవరైనా అంటే వినకండి, చలికాలం పొద్దున కోరాపుట్‌లో గేర్లు పడవు.

పని అయ్యాక 50 కిలోమీటర్లు నడిపి, యాక్సిల్ ముక్కు మీద అరచేయి పెట్టి చూడండి. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్ బిగుసుకుంది, వెంటనే విప్పించాలి. మామూలుగా ఉంటే చల్లారాక లెవెల్ చూసి, షాఫ్ట్ బోల్టులు మరోసారి బిగించండి. తీసిన పాత ఆయిల్ డబ్బాలో పట్టి, సేకరించేవాళ్లకి ఇవ్వండి. గెడ్డ గట్టున పారబోయొద్దు, దిగువ ఊళ్లు తాగేది ఆ నీళ్లే.