బంకర్‌కి కూడా నో డ్యూస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు: ఎంపీ నామినేషన్ వేసిన ఒక మాజీ జవాను గోడు

నిన్న మధ్యాహ్నం మూడింటితో ఉపసంహరణ గడువు అయిపోయింది. సాయంత్రానికి గుర్తు కూడా ఇచ్చేశారు. 2024 మే 13న మా లోక్‌సభ స్థానం ఈవీఎంలో, పార్టీల వాళ్లందరి కింద, ఇండిపెండెంట్ల వరుసలో ఎక్కడో నా పేరుంటుంది. కోపం మీదుండగానే ఇది రాసేస్తున్నా. రెండ్రోజులాగితే మనిషి మెత్తబడతాడు. నాకు మెత్తబడాలని లేదు.

ఆర్టిలరీలో నాయబ్ సుబేదార్‌గా రిటైరై మూడేళ్లయింది. మిలిటరీ క్యాంటీన్‌కి సరుకులకెళ్తే క్యూలో మా వాళ్లది ఒకటే పాట. "దేశాన్ని ఏలేవాడెవడైనా సరే, కనీసం ఐదేళ్లు ఫౌజ్‌లో చేసి రావాలి. అలా చట్టం తేవాలి" అని. ఆర్మీలో చేసొచ్చి కేంద్ర మంత్రయిన జస్వంత్ సింగ్ పేరు చెప్తారు. వాజ్‌పేయి హయాంలో రోడ్లేయించిన మేజర్ జనరల్ ఖండూరీ పేరు చెప్తారు. మిగ్ విమానాలు నడిపొచ్చి తెలంగాణలో మంత్రయిన ఉత్తమ్‌కుమార్ రెడ్డి పేరు చెప్తారు. అందరూ తలూపుతారు, నేను ఊపను. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధంలో అవతల ఉన్నది ఫీల్డ్ మార్షల్ ఆయూబ్ ఖాన్, ఇవతల ఉన్నది పంచె కట్టిన లాల్ బహదూర్ శాస్త్రి. 1971లో అవతల జనరల్ యాహ్యా ఖాన్, ఇవతల ఇందిరా గాంధీ, రక్షణ మంత్రిగా జగ్జీవన్ రామ్. ఈ ముగ్గురిలో ఒక్కరూ యూనిఫాం వేసినవాళ్లు కారు. ఢాకాలో లొంగిపోయింది ఎవరి సైన్యమో అందరికీ తెలుసు. ఈ మాట అన్నప్పుడల్లా మా వాళ్లకి నామీద మంటే.

ఒకరోజు మా బావ (ఆయనా సిగ్నల్స్‌లో చేసి వచ్చినవాడే) విసుగెత్తి, "చట్టం వద్దు, గిట్టం వద్దంటావు. సైనికుడెవడైనా నిలబడొచ్చు, ఎవరాపారంటావు. అయితే నువ్వే నిలబడి చూపించు" అన్నాడు. పదిమందిలో అన్నాడు. సరేనన్నాను.

సులువైన పనులు ముందు చెప్పేస్తాను. ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందే. అదైపోయింది. డిపాజిట్ 25 వేలు, ఎస్సీ ఎస్టీలకి అందులో సగం. కట్టేశాను. గుర్తింపున్న పార్టీ వాడికైతే ఒక్కడు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంట్‌కి పదిమంది కావాలి, పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. మా ఊళ్లో పదిమందేం ఖర్మ, పాతికమంది వచ్చారు (ఇది గొప్పకే చెప్తున్నా). సర్వీసులో ఉన్నప్పుడు నా ఓటు సర్వీసు ఓటర్ల జాబితాలో ఉండేది. ఇంటికొచ్చిన వెంటనే మామూలు జాబితాలోకి మార్పించుకున్నాను కాబట్టి బతికాను. మీలో ఎంతమంది మార్పించుకున్నారో ఇప్పుడే చూసుకోండి.

అసలు కథ ఫారం 26 దగ్గర. అంటే అఫిడవిట్. అందులో అడగనిది లేదు. కేసులు, ఐదేళ్ల ఇన్‌కం ట్యాక్సు లెక్కలు, భార్య మెడలో బంగారం, బ్యాంకు అప్పు, చదువు, వృత్తి అన్నీ అడుగుతారు. ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. లేకపోతే లేదని రాయాలి. ఇంత అడిగినవాళ్లు సైన్యంలో చేశారా అని మాత్రం అడగరు. పోనీ, దానికి నాకేం బాధ లేదు. కానీ ప్రభుత్వ బాకీల దగ్గర ఒక ప్రశ్న ఉంది: గడిచిన పదేళ్లలో ఎప్పుడైనా ప్రభుత్వం ఇచ్చిన నివాసంలో ఉన్నారా? ఉంటే అద్దె, కరెంటు, నీళ్లు, టెలిఫోను, ఈ నాలుగింటికీ బాకీ లేదని ఆయా శాఖల నుంచి సర్టిఫికెట్ తేవాలి.

ఈ ప్రశ్న ఎవరికోసం పెట్టారో చదివిన ఎవడికైనా తెలుస్తుంది. పదవి పోయినా బంగ్లా ఖాళీ చెయ్యనివాళ్లు, ఏళ్లతరబడి అద్దె ఎగ్గొట్టినవాళ్లు ఉన్నారు కదా, వాళ్లకోసం. మంచి నిబంధనే. కానీ వాళ్ల పీఏలు అరగంటలో ఆ కాగితాలు తెప్పించుకుంటారు. వల బిగుసుకునేది మాలాంటి వాళ్ల కాళ్లకే.

శ్రీరామనవమి మర్నాడు, ఏప్రిల్ 18న నోటిఫికేషన్ వచ్చింది. నామినేషన్లకి 25 దాకా గడువు, మధ్యలో ఆదివారం తీసుకోరు. కాగితాలు ముందుగా చూసిపెట్టడానికి హెల్ప్ డెస్కులో కూర్చోబెట్టిన సూపరింటెండెంట్ గారి దగ్గరికి మా పెద్దలతో కలిసి వెళ్లాను.

"ఏమండీ, పదేళ్లలో గవర్నమెంటు క్వార్టర్‌లో ఉన్నారా?"

"ఉన్నానండి. పంజాబ్‌లో ఒకచోట, రాజస్థాన్‌లో ఒకచోట, ఫ్యామిలీ క్వార్టర్లు."

"నో డ్యూస్ ఏవి?"

మా దగ్గర క్వార్టర్ అప్పజెప్పేటప్పుడు మార్చింగ్ ఔట్ అని ఒక తతంగం ఉంటుంది. బల్బు, ఫ్యాను, కిటికీ అద్దం దాకా లెక్కపెట్టి, తగ్గినదానికి డబ్బులు కట్టించుకుని గానీ వదలరు. ఆ కాగితాలు రెండూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇచ్చాను. ఆయన తిప్పి చూసి, "ఇవి పనికిరావు. అద్దెకి వేరే, కరెంటుకి వేరే, నీళ్లకి వేరే, ఫోనుకి వేరే కావాలి" అన్నాడు. జవానుకి క్వార్టర్ అద్దె ఉండదన్నాను. ఉండదని రాయించుకు రమ్మన్నాడు. ఫోనే ఇవ్వలేదన్నాను. ఇవ్వలేదని రాయించుకు రమ్మన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. "మరి మిగతా ఏళ్లు ఎక్కడున్నారు?" అన్నాడు.

"యూనిట్ లైన్స్‌లో, బ్యారక్‌లో అండి. తర్వాత ఉత్తరాన ఫీల్డ్ పోస్టింగు. బంకర్‌లో."

"ఎవరిచ్చారది?"

"బంకరాండీ?"

"అదే. గవర్నమెంటే కదా ఇచ్చింది? దానిక్కూడా తేవాలి."

ముందు హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. పదహారు వేల అడుగుల ఎత్తున, ఇసుక బస్తాల మధ్య, కిరోసిన్ బుఖారీ (చలి కాచుకునే పొయ్యి) మీద మంచు కరిగించుకు తాగిన నీళ్లకి బిల్లు ఎవరేస్తారండీ అని అడిగాను. గొంతు కొంచెం లేచిందేమో, హాలంతా ఇటు తిరిగింది. ఆయన ఇంకా గట్టిగా, అందరికీ వినబడేట్టు, "ఇంత సర్వీసు చేశానంటారు, ఒక్క కాగితం సరిగ్గా పెట్టుకోలేదు. ఇలాంటివాళ్లంతా ఎంపీలైపోదామనే" అన్నాడు. నన్ను ప్రతిపాదించడానికి పనులు మానుకుని వచ్చిన మా ఊరి పెద్దల ముందు అన్నాడు. ఒక పెద్దాయన కళ్లు దించుకున్నారు. అది నేనింకా మర్చిపోలేదు.

ఇంతలో ఒక పార్టీ అభ్యర్థి మనుషులొచ్చారు. వాళ్ల ముహూర్తం దాటిపోతోందట. "మీరు కొంచెం లేవండి" అని నన్ను కుర్చీలోంచి లేపారు. వాళ్ల ఫోల్డర్‌లో నాలుగు నో డ్యూస్‌లూ రంగు రంగు ట్యాగులతో తళతళలాడుతున్నాయి. సూపరింటెండెంట్ గారు అసలు విప్పనే లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. నాయకులకి సైనిక సేవ తప్పనిసరి చెయ్యాలనే అన్నల్లారా, మీ కోరిక మరీ అసాధ్యమేం కాదు. రాజ్యాంగంలో 84వ అధికరణం ఎంపీకి పౌరసత్వం, ప్రమాణం, వయసు (లోక్‌సభకి పాతికేళ్లు) అడిగి, మిగతా అర్హతలు పార్లమెంటు చట్టంతో పెట్టుకోవచ్చంది. కానీ పెడితే ఏమవుతుంది? సైనికాధికారుల్ని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీలోకి ఆడపిల్లల్ని తీసుకోవడం మొదలైందే 2022లో. అంటే సగం దేశాన్ని ఒక్క గీతతో కొట్టేసినట్టే. మా తమ్ముడి వరస కుర్రాడు పరుగులో అందరికంటే ముందొచ్చి, అరికాలు చదునుగా ఉందని మెడికల్‌లో పోయాడు. వాడు దేశాన్ని ఏలడానికి పనికిరాడా? పైగా రూలు వచ్చిన మర్నాడే పెద్దవాళ్ల పిల్లలు ఏసీ గదిలో సర్వీసు చేసి సర్టిఫికెట్ పట్టుకొస్తారు. ఆ ఫోల్డర్ చూశాక నాకందులో అనుమానం లేదు. కొత్త గేటు పెట్టడం సంగతి తర్వాత, ముందు సైనికుడు నామినేషన్ బల్ల దాకా పోయే దారి బాగుచెయ్యండి.

సరే, క్వార్టర్ల కాగితాల కోసం పాత స్టేషన్లకి ఫోన్ల మీద ఫోన్లు కొట్టాను. అక్కడున్న బ్యారక్ స్టోర్స్ వాళ్లు, పేరు చెప్పకూడదు గానీ ఒక హవల్దార్ కుర్రాడు, "సాబ్, ఆప్ చింతా మత్ కరో" అని, అద్దె లేదు, కరెంటు, నీళ్లు బాకీ లేవు, టెలిఫోను ఇవ్వలేదు అని నాలుగూ ఒకే కాగితం మీద టైపు చేయించి, సంతకం, స్టాంపు వేయించి మెయిల్ పెట్టాడు. రెండోచోటు ఏడిపించి ఏడిపించి గడువుకి కాస్త ముందు పంపారు. బంకర్ చిక్కు విప్పింది మా వూరి కుర్ర లాయరు. "బాబాయ్, నీ పేరున కేటాయించిన ఇల్లు అయితేనే నివాసం. బ్యారక్, బంకర్ నీ పేరున ఎవరూ కేటాయించలేదు. ఈ రెండు క్వార్టర్లు తప్ప నా పేరున మరే ప్రభుత్వ నివాసం కేటాయించలేదని ప్రమాణపూర్వకంగా రాసి సంతకం పెట్టు" అన్నాడు. ఫీజు తీసుకోలేదు. నోటరీ మాత్రం ఎన్నికల సీజన్ రేటు అని గట్టిగా లాగాడు.

26న స్క్రూటినీ, అంటే నామినేషన్ల పరిశీలన. సూపరింటెండెంట్ గారు నా సెట్టు మీద పసుపు చీటీ అంటించి మరీ పెట్టారు. రిటర్నింగ్ ఆఫీసరైన కలెక్టర్ గారు, నా కూతురి వయసుంటుంది ఆ అమ్మాయికి, చీటీ చదివి, కాగితం చదివి, "బంకర్‌కి నో డ్యూస్ ఏంటండీ?" అని ఆయన వైపు చూసింది. అంతే. "యాక్సెప్టెడ్" అంది. నన్ను చూసి, "ఏ రెజిమెంట్ సర్?" అని అడిగింది. అన్ని గడులున్న ఫారంలో లేని ప్రశ్న ఆవిడొక్కతే అడిగింది.

ఇక వెనకాల వచ్చేవాళ్లకి: మార్చింగ్ ఔట్ అప్పుడే నాలుగు బాకీలూ లేవని విడివిడిగా రాయించుకోండి, సిగ్గుపడకండి. సర్పంచికో ఎంపీటీసీకో నిలబడాలనుకున్నా అలవాటు చేసుకోండి. హెల్ప్ డెస్కు మాట నమ్మి ఇంటికి వచ్చెయ్యకండి, చెప్పినదాన్ని కాగితం మీద రాసిమ్మనండి. రాయమంటే సగం అభ్యంతరాలు వాటంతటవే పోతాయి. సర్వీసులో ఉన్న తమ్ముళ్లు మాత్రం ఇది చదివి ఊరుకోండి, యూనిఫాంలో ఉండగా రాజకీయాల్లో వేలు పెట్టకూడదు.

డిపాజిట్ దక్కాలంటే పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతుకి మించి రావాలి. రావు, నాకు తెలుసు, మా బావకీ తెలుసు. అయినా రేపట్నుంచి స్కూటర్ మీద ప్రచారం. సూపరింటెండెంట్ గారి ఇల్లు మా నియోజకవర్గంలోనే అని వాకబు చేశాను. ఆ వీధికి ఆదివారం వెళ్తున్నా, ఇంట్లో ఉంటాడు.