బందరు రోల్డ్‌గోల్డు, మా ఎంబీఏ క్లాసు

మేనేజ్‌మెంట్ పండితుడు మైఖేల్ పోర్టర్ 1979లో రాసిన ఫైవ్ ఫోర్సెస్ పాఠం, అంటే ఏ వ్యాపారంలోనైనా పోటీని నడిపే ఐదు ఒత్తిళ్ల పాఠం, పదకొండేళ్లుగా చెబుతున్నాను. క్లాసునూ అలాగే పోటీ మీదే నడిపేదాన్ని. ఎవరి పేరు పిలిస్తే వాళ్లు అప్పటికప్పుడు లేచి ఒక కంపెనీ కేసు విప్పి చెప్పాలి. ర్యాంకులేమో నోటీసు బోర్డు మీద. రెండేళ్ల కిందట ఒకమ్మాయి ప్రెజెంటేషన్ మధ్యలో మాట ఆగిపోయి, మైకు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రం ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తారు. "పడుకుందండీ. నాలుగు రోజుల తర్వాత ఇప్పుడే పడుకుంది" అన్నారు.

ముందు అందరూ చేసే పనే చేశాను. ఒక సైకాలజిస్టును పిలిచి గంటసేపు మాట్లాడించాం. ఫొటోలు బాగా వచ్చాయి.

తర్వాతి వారం చీటీలు పంచాను. పేరు వద్దు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో రాయండి అన్నాను. ఒక చీటీలో "3. బస్సులో 1" అని ఉంది. ఆరా తీస్తే నాలుగు సబ్జెక్టుల అసైన్‌మెంట్లు ఒకే శుక్రవారం ఇవ్వాలట. అందులో ఒకటి నాదే!

సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో క్లాసు పద్ధతి మార్చాలని పెడితే ఒక సీనియర్ ప్రొఫెసర్ నవ్వారు. "కంపెనీలో నిద్ర సరిపోయిందా అని ఎవరడుగుతారమ్మా?" విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద యూజీసీ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు చూపించాను. ఎవరూ కాదనలేదు, సరేననీ అనలేదు. వాయిదా.

ఆయనకు జవాబు నాకు బందరులో దొరికింది. ఒక చోటి పరిశ్రమ ఎందుకు గెలుస్తుందో పోర్టర్ 1990లో చెప్పిన డైమండ్, ఒకే రకం వ్యాపారాలు ఒకేచోట గుమిగూడే క్లస్టర్ల పాఠం కోసం పిల్లల్ని మచిలీపట్నం రోల్డ్‌గోల్డు పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. అచ్చు ఒకచోట, అతుకు పని ఇంకోచోట, పూత మరోచోట. "ఎదురింటాయన మీకు పోటీ కాదా?" అని మావాడొకడు అడిగాడు. గాజుకు రాయి అతికిస్తున్న పెద్దాయన తలెత్తకుండానే, "పోటీయే బాబూ. పెళ్లిళ్ల సీజన్లో మా సరుక్కి పూత పెట్టేదీ ఆయనే" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లూ సగం పోర్టర్‌నే చెప్పాను కదా. పోటీదారులు ఒకరి పనికి ఒకరు ఆసరా అవుతారన్న రెండో సగం పరీక్షల్లో రాయించానే గానీ, క్లాసులోకి రానివ్వలేదు.

ఈ మాటే మళ్లీ బోర్డులో చెబితే ఆ ప్రొఫెసర్‌గారే సంతకం చేశారు. ర్యాంకుల జాబితా తీసేశాం. ఎవరిని అడుగుతానో ముందురోజే చెబుతున్నాను. అసైన్‌మెంట్ తేదీలు నలుగురం కూర్చుని వేసుకుంటున్నాం. పక్క టీము రిపోర్టును బాగుచేస్తే 5 ఇంటర్నల్ మార్కులు. దీని దగ్గర మాత్రం గొడవలు తెగడం లేదు. కామాలు దిద్ది మార్కులడిగే ఘనులున్నారు.

ఈ ఏడాది కోర్సు హ్యాండవుట్ చివరి పేజీలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 వేయించాను. మొదటిరోజే వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు.

"మేడమ్, ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?"