ఎర్రనీటికి పటిక, ఉప్పు, సముద్రపు నీళ్లు: ఇప్పటిదాకా తేలింది

గోదావరి వరద తీసినా నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ ఎర్రమట్టి ఏం వేస్తే దిగుతుందో చూడాలనుకున్న నాకు కావలసిందీ అదే. రాజోలు వైపు వశిష్ఠ పాయలో ఒక క్యాను నింపుకొచ్చి రాత్రంతా కదపకుండా ఉంచాను. ఇసుక, ముతక ఒండ్రు అడుక్కి దిగాయి. పై నీళ్లు మాత్రం పల్చటి టీ రంగులో అలాగే ఉన్నాయి. వడపోత కాగితంలో పోసినా ఆ రంగు పోలేదు. గది చీకటి చేసి పక్క నుంచి లేజర్ వేస్తే నీళ్లలో గీత స్పష్టంగా కనిపించింది. డిస్టిల్డ్ వాటర్‌లో ఉప్పు కలిపి చూస్తే గీత లేదు. అంటే మిగిలింది వెలుగును చెదరగొట్టే కొల్లాయిడ్ బంకమట్టి, వెయ్యి నానోమీటర్ల లోపు రేణువులు. (లేజర్‌ని కంటి ఎత్తులో పెట్టకండి, గాజు మీద పడి వెనక్కి కొడుతుంది.)

ఈ రేణువుల మీద రుణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి కాబట్టి ముద్దకట్టవు, కిందికి దిగవు. ధనావేశం అందిస్తే ఆ నెట్టుడు తగ్గుతుంది.

ముందు పటిక. లీటరు నీళ్లలో 10 గ్రాములు కరిగించి పెట్టుకుంటే లెక్క సులువు: లీటరు బురదనీటికి 1 మి.లీ. వేస్తే 10 మిల్లీగ్రాములు. ఒక నిమిషం గట్టిగా, పది నిమిషాలు మెల్లగా తిప్పి అరగంట వదిలేశాను. 20 మి.గ్రా. జాడీలో పెద్ద మార్పు లేదు. 40 దగ్గర తెట్టెలు కట్టాయి. 60లో నీళ్లు తేటపడ్డాయి. ఇది ఈ క్యాను నీళ్లకే, వారం తిరిగితే లెక్క మారిపోతుంది. మెల్లగా తిప్పడం మానేస్తే తెట్టెలు సన్నగా ఉండి దిగనే దిగవు.

పక్కింటి మామ్మగారు చూసి, "బిందెలో పటికముక్క నాలుగు తిప్పులు తిప్పితే పోయేదానికి ఇన్ని జాడీలెందుకు నాయనా? మా రోజుల్లో చిల్లగింజ అరగదీసేవాళ్లం" అన్నారు. చిల్లగింజ వెతుకుతున్నాను. నీళ్లు తేటపడినా సూక్ష్మజీవులు పోవు, తాగాలంటే కాచాల్సిందే.

నన్ను పట్టేసింది మాత్రం ఉప్పు. ముప్పావు లీటరు బురదనీటికి పావు లీటరు అంతర్వేది సముద్రపు నీళ్లు కలిపాను. రెండో జాడీలో పావు లీటరు డిస్టిల్డ్ వాటర్, 9 గ్రాముల టేబుల్ సాల్ట్. బురదా ఉప్పూ రెండింట్లో దాదాపు సమానం. తెల్లారేసరికి రెండూ దిగాయి గానీ సముద్రపు నీళ్ల జాడీ ముందు తేటపడింది. అందులో మెగ్నీషియం, కాల్షియం ఉన్నాయి మరి. షుల్జ్–హార్డీ నియమం ప్రకారం ఎదురు అయాను (రేణువుకు వ్యతిరేక ఆవేశం ఉన్నది) ఆవేశం పెరిగేకొద్దీ గడ్డకట్టించే బలం విపరీతంగా పెరుగుతుంది. సిద్ధాంతం లెక్కలో ఒకటి (ఉప్పులోని సోడియం), రెండు (మెగ్నీషియం, కాల్షియం), మూడు (పటికలోని అల్యూమినియం) ఆవేశాలకు 1 : 64 : 729. పటిక అంత కొంచెం చాలడానికి అదొక్కటే కారణం కాదు. నీళ్లలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ జిగురు తెట్టెగా మారి, దిగుతూ మట్టిని ఈడ్చుకుపోతుంది.

ఏటిమొగల దగ్గర నిత్యం జరిగేది ఈ ఉప్పు జాడీల్లో జరిగిందే. నది వేగం తగ్గగానే ఇసుక దిగుతుంది, ఉప్పునీరు తగలగానే సన్న బంకమట్టి ముద్దకట్టి దిగుతుంది. మన లంకల అంచుల్లో పాదం కూరుకుపోయే ఆ మెత్తటి అడుసులో దీని వాటా తక్కువేం కాదు.

కొబ్బరిపాల మీద కూడా మొదలుపెట్టాను. అది ఎమల్షన్ (నీళ్లలో సన్నటి నూనె బొట్లు చెదిరి ఉన్నది), లేజర్ చుక్కగానే ఆగిపోతుంది, బాగా పల్చన చేస్తే గానీ గీత రాదు. ఫ్రిజ్‌లో పెడితే మీగడ పైకి తేలింది, అంతకుమించి చెప్పడానికేం లేదు.

ఇక పోటు సమయంలో రాజోలు, సఖినేటిపల్లి, అంతర్వేది దగ్గర నీళ్లు పట్టి, ఒక్కో చోట ఉప్పెంతో, తేటపడటానికి ఎంతసేపో చూడాలి. ఉప్పు కొలిచే మీటరు ఆర్డర్ పెట్టాను.