కాట్రా దాకా వెళ్తే కవర్ ఉంటుందా? వైష్ణోదేవి యాత్రకు యూకే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్న నా అనుభవం

నిన్న రాత్రే తిరిగొచ్చాం. అమ్మవారి దర్శనం అయింది, అందరం క్షేమం. కొండెక్కి దిగడానికి ఒక్క రోజు చాలింది. ఆ ఒక్క రోజుకు ఇన్సూరెన్స్ కవర్ సంపాదించడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. యూకేలో ఉంటూ, సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నలను వైష్ణోదేవికో అమర్‌నాథ్‌కో తీసుకెళ్దామనుకునే తెలుగువాళ్లు టికెట్లు కొనకముందే ఇది చదవండి.

అసలు చిక్కు ఇదీ. బ్రిటన్ విదేశాంగ శాఖ, అంటే ఎఫ్‌సీడీఓ, ప్రతి దేశానికీ ప్రయాణ సలహా పేజీ ఒకటి నడుపుతుంది. అందులో హెచ్చరికలు రెండు మెట్లు. ‘తప్పనిసరైతే తప్ప వెళ్లొద్దు’ అన్నది మొదటిది, ‘అసలు వెళ్లొద్దు’ అన్నది రెండోది. ఇండియా పేజీలో నేను వెళ్లేనాటికి మణిపూర్ మొదటి మెట్టు మీద ఉంది, జమ్మూ కశ్మీర్ రెండో మెట్టు మీద ఉంది. పహల్గాం, గుల్‌మార్గ్, సోనామార్గ్, శ్రీనగర్, జమ్మూ–శ్రీనగర్ హైవే, వీటి పేర్లు విడిగా రాసి మరీ వద్దన్నారు. పాకిస్తాన్ సరిహద్దుకు 10 కిలోమీటర్ల లోపు కూడా అంతే. విమానంలో జమ్మూ నగరానికి రావడం, పోవడం, ఆ నగరంలో తిరగడం, లద్దాఖ్‌లో తిరగడం, వీటికి మాత్రం మినహాయింపు ఉంది. కాట్రాకు లేదు. వైష్ణోదేవి కొండెక్కడం మొదలయ్యే ఊరు కాట్రా రియాసీ జిల్లాలో, జమ్మూకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. జమ్మూ ఎయిర్‌పోర్టులో ఉన్నంతసేపూ పాలసీ మీ వెంట ఉంటుంది, టాక్సీ ఊరి పొలిమేర దాటగానే వదిలేస్తుంది.

ఈ సలహా చట్టం కాదు. హీత్రూలో ఎవరూ ఆపరు, జమ్మూలో ఎవరూ అడగరు. ప్రభుత్వ పేజీలోనే ఒక వాక్యం ఉంటుంది, సలహాకు వ్యతిరేకంగా వెళ్తే మీ ఇన్సూరెన్స్ చెల్లకపోవచ్చని. దాని బరువు కాలు విరిగినప్పుడు గానీ తెలియదు.

మనవాళ్లలో ఒక అపోహ గట్టిగా ఉంది: ‘నాది ఇండియన్ పాస్‌పోర్టు, బ్రిటిష్ వాళ్ల సలహాతో నాకేం పని?’ అని. పాస్‌పోర్టుతో సంబంధం లేదు. పాలసీ ఎవరు అమ్మారు, అందులో ఏం రాసుంది, అదొక్కటే లెక్క. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నా, ఓసీఐ కార్డు ఉన్నా, యూకే పాలసీ కొంటే ఎఫ్‌సీడీఓ షరతు మీకూ వర్తిస్తుంది. విజయవాడలో ఉండే అమ్మానాన్నలకు ఈ బెడద లేదు, వాళ్ల ఇండియన్ హెల్త్ పాలసీకి బ్రిటన్ సలహాతో పనిలేదు. ఒకే టాక్సీలో నలుగురు కూర్చుంటే ఇద్దరికి కవర్ ఉండి ఇద్దరికి లేకపోవచ్చు. యూరప్‌లో ప్రభుత్వ వైద్యం కోసం యూకే ఇచ్చే జీహెచ్ఐసీ కార్డు ఇండియాలో పనిచేయదు, దాన్ని లెక్కలోకే తీసుకోకండి.

హైదరాబాద్ విమానం టికెట్లు, జమ్మూకు లోకల్ ఫ్లైట్, యాత్ర రిజిస్ట్రేషన్, ఇవన్నీ ఒక సాయంత్రంలో అయిపోయాయి. పాలసీ కొనేటప్పుడు జబ్బుల వివరాలు అడుగుతారు. బీపీ మాత్రలు, పాత ఆస్తమా, ఏదీ దాచొద్దు. యూకేలో 2012 నాటి వినియోగదారుల ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం అడిగిన ప్రశ్నకు జాగ్రత్తగా నిజం చెప్పడం మన బాధ్యత. అక్కడ తప్పు చెప్పి దొరికితే సలహా గొడవ దాకా పోకుండానే క్లెయిమ్ పోవచ్చు.

ధరలు పోల్చే వెబ్‌సైట్ల మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. దేశం అడుగుతాయి, తేదీలు అడుగుతాయి, వయసు అడుగుతాయి. ఆ దేశంలో ఏ మూలకు వెళ్తున్నారని అడగవు. ‘ఇండియా’ అని నొక్కగానే పాలసీ చేతికొస్తుంది. నేనూ అలాగే కొన్నాను. ఆ రాత్రి పాలసీ పుస్తకం మొత్తం చదివితే 40వ పేజీ తర్వాత ఎక్కడో ఆ ఎఫ్‌సీడీఓ షరతు కనిపించింది. అక్కడినుంచి తిప్పలు మొదలయ్యాయి.

మొదటి ఫోన్‌లో ఒకాయన ‘ఇండియా కవర్ అవుతుంది’ అన్నాడు. ప్రాంతం పేరు చెప్పినా వినలేదు, రెండు నిమిషాల్లో పెట్టేశాడు. రెండో ఫోన్‌లో ఒకావిడ ఊరి పేరు స్పెల్లింగ్ నాలుగుసార్లు చెప్పించుకుంది. మ్యాప్‌లో దొరకలేదంది. అరగంట సంగీతం వినిపించి, వచ్చాక అడిగిన మొదటి ప్రశ్న, ‘ఇది హాలిడేనా?’ కాదమ్మా, గుడికి అన్నాను. ‘ప్రభుత్వం వద్దన్న చోటికి మీ తల్లిదండ్రులను ఎందుకు తీసుకెళ్తున్నారు? వేరే గుడికి వెళ్లలేరా?’ అంది. మొక్కు అంటే ఏమిటో ఇంగ్లీషులో, స్పీకర్‌లో, పక్కన నాన్న వింటుండగా చెప్పాల్సి వచ్చింది. నేనేదో దొంగతనంగా వెళ్తూ పట్టుబడినట్టు నా ఫైల్‌లో నోట్ రాసుకుంది. ‘మీరు ఆ ప్రాంతంలో అడుగుపెడితే మీ మొత్తం ట్రిప్‌కు కవర్ ఉండదు’ అని తేల్చేసింది. అంటే హైదరాబాద్‌లో ఉండే మిగిలిన పంతొమ్మిది రోజులకు కూడా. ఈ మాట కాగితం మీద ఇవ్వండి అంటే, ఇవ్వలేమంది.

ఆ కంపెనీ పేరు రాయను. మొక్కు తీర్చుకోవడం నేరం కాదు. దాన్ని నేరంలా మాట్లాడే హక్కు ప్రీమియం తీసుకున్నవాళ్లకు లేదు. వాళ్లు చెప్పాల్సింది ఒక్కటే: ఏ రోజు, ఏ చోట, దేనికి కవర్ ఉంది, దేనికి లేదు. పైగా జమ్మూ కశ్మీర్ ‘అసలు వెళ్లొద్దు’ మెట్టు మీద ఉంది కాబట్టి పని తప్పనిసరా కాదా అన్న విచారణే అక్కడ అనవసరం. ఆ ప్రశ్న మణిపూర్ లాంటి మొదటి మెట్టు ప్రాంతాలకు వస్తుంది. అక్కడ కూడా ఏది తప్పనిసరో ఎఫ్‌సీడీఓ చెప్పదు, వెళ్లేవాళ్లే నిర్ణయించుకోవాలంటుంది. క్లెయిమ్ వచ్చినప్పుడు మాత్రం కంపెనీ తన నిర్ణయం తాను చెబుతుంది. 2023 అక్టోబర్ తర్వాత జెరూసలేం వెళ్లాలనుకున్న యూకే తెలుగు క్రైస్తవులకూ ఎదురైన గోడ ఇదే.

ఇక అసలు పాఠం పాలసీ వాక్యంలో ఉంది. నేను ఏడు పాలసీలు తెరిచి ఆ ఒక్క షరతు చదివాను. రాసే తీరు మూడు రకాలు. ఒకటి, ‘సలహాకు విరుద్ధంగా వెళ్లిన ప్రాంతంలో ఉన్నప్పుడు జరిగే దేనికీ కవర్ లేదు’. ఇలా ఉంటే కాట్రాలో ఉన్నంతసేపే కవర్ ఆగుతుంది, జమ్మూకు తిరిగి రాగానే మళ్లీ మొదలవుతుంది. రెండు, ‘సలహాకు విరుద్ధంగా వెళ్లడం వల్ల కలిగిన నష్టానికి కవర్ లేదు’. ఇక్కడ ‘వల్ల’ అన్న మాట మనకు బలం. మెట్ల మీద కాలు మడతపడటానికీ ఉగ్రవాద హెచ్చరికకూ సంబంధం లేదని వాదించవచ్చు. మూడు, ‘సలహాకు విరుద్ధమైన ప్రాంతం మీ ప్రయాణంలో ఉంటే ఈ పాలసీ వర్తించదు’. ఇదే ప్రమాదకరం. ఒక్క రోజు మొత్తం ట్రిప్‌ను మింగేస్తుంది. నాది ఈ మూడో రకం. రెండో ఫోన్‌లో ఆవిడ మర్యాద తప్పినా, చెప్పిన విషయం మాత్రం నిజమే. పాలసీ వచ్చిన 14 రోజుల్లోపు, ప్రయాణం మొదలుకాకుండా, క్లెయిమ్ చేయకుండా ఉంటే రద్దు చేసుకోవచ్చు. పదకొండో రోజున రద్దు చేశాను.

తర్వాత ఫోన్లు మానేసి ఈమెయిల్ మాత్రమే పెట్టాను. మీరూ అలాగే చేయండి. ‘ఇండియా కవర్ అవుతుందా’ అని అడిగితే అవునంటారు, అది మీకు పనికిరాదు. తేదీ, జిల్లా పేరు, సలహా పేజీలోని వాక్యం యథాతథంగా పెట్టి మూడు అడగండి: ఆ ప్రాంతంలో ఉన్నప్పుడు ఆసుపత్రి ఖర్చు ఇస్తారా? ఆ ప్రాంతం నుంచి బయటికి వచ్చాక కవర్ కొనసాగుతుందా? నేను అక్కడ ఉండగా సలహా మారితే ఏమవుతుంది?

సలహాకు వ్యతిరేకంగా వెళ్లేవాళ్లకే పాలసీలు అమ్మే ప్రత్యేక కంపెనీలు యూకేలో ఉన్నాయి. చివరికి అక్కడే తీసుకున్నాను, మామూలు ధరకు రెండున్నర రెట్లు అయింది. ఇవి కూడా అన్నీ ఇవ్వవు. కొన్ని మొదటి మెట్టు ప్రాంతాలకే ఇస్తాయి, రెండో మెట్టుకు ఇవ్వవు. కొన్ని వైద్యం ఖర్చు ఇస్తాయి గానీ యుద్ధం, ఉగ్రవాదం తీసేస్తాయి. ట్రిప్ రద్దు కవర్ చాలావాటిలో ఉండదు, హెచ్చరిక ముందే తెలుసు కాబట్టి. నాకు ముఖ్యమైనవి రెండే: ఆసుపత్రి ఖర్చు, అవసరమైతే యూకేకు తరలించడం. ఆ రెండూ ఉన్నాయని, రియాసీ జిల్లా పేరుతో సహా, ఈమెయిల్‌లో రాయించుకున్నాను.

ఉగ్రవాదం తీసేస్తే ఇంకేం మిగిలింది అనుకోవద్దు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు, నిజమే, ఆ భయం నిజం. కానీ అదే ఏడాది ఆగస్టు 26న అర్ధకువారీ దగ్గర వైష్ణోదేవి దారి మీద కొండచరియ పడి 30 మందికి పైగా యాత్రికులు పోయారు. గుండెపోటు, జారిపడటం, వానాకాలంలో చరియలు, ఈ దారిలో యాత్రికుడికి ఎదురయ్యే కష్టాలు ఎక్కువగా ఇవే. మొదటి, మూడో రకం మామూలు పాలసీలు వీటికీ డబ్బివ్వవు, ఎందుకంటే అవి కారణం చూడవు, మ్యాప్ చూస్తాయి.

కాట్రా నుంచి భవన్ (అమ్మవారి గుడి) దాకా 12, 13 కిలోమీటర్ల ఎక్కుడు. నడిస్తే పేచీ లేదు. గుర్రం ఎక్కితే పాలసీ చివర ఉండే యాక్టివిటీల జాబితాలో గుర్రపు స్వారీ (pony trekking) ఉందో లేదో చూడండి. కాట్రా నుంచి కొండ మీది సాంఝీఛత్‌కు వెళ్లే హెలికాప్టర్‌కు టికెట్ కొన్న ప్రయాణికులకు కవర్ ఉందో లేదో కూడా అడగండి. ఢిల్లీ నుంచి నేరుగా కాట్రాకు రైలుంది, హాయిగా ఉంటుంది, కానీ సలహాలో మినహాయింపు విమానానికే. రైలు కథువా, సాంబా మీదుగా సరిహద్దు పక్కనుంచే వస్తుంది. జమ్మూ దాకానైనా కవర్ మిగలాలంటే విమానమే ఎక్కాలి.

అమర్‌నాథ్ వెళ్లేవాళ్లకు ఇంకో ముడి ఉంది. గుహ ఎత్తు 3,888 మీటర్లు. పహల్గాం దారిలో మహాగుణాస్ కనుమ 4,200 మీటర్లు దాటుతుంది. చాలా పాలసీల్లో 3,000 లేదా 4,000 మీటర్ల హద్దు విడిగా ఉంటుంది. సలహా గొడవ తేలినా ఎత్తు దగ్గర పట్టుకుంటారు. 13 ఏళ్లలోపు, 70 దాటినవాళ్లను యాత్రకే రానివ్వరు, మిగతావాళ్లకు హెల్త్ సర్టిఫికెట్ తప్పనిసరి.

ఇండియాలోనే హెల్త్ పాలసీ కొంటే సరిపోదా అని చాలామంది అడిగారు. ఎన్ఆర్ఐలు కొనొచ్చు. కానీ కొత్త పాలసీకి జబ్బుల విషయంలో మొదటి 30 రోజులు వెయిటింగ్ ఉంటుంది, ప్రమాదాలకే వెంటనే వర్తిస్తుంది. ఏటా వెళ్లేవాళ్లకు ఇది మంచి దారి, వచ్చే వారం బయల్దేరేవాళ్లకు కాదు.

క్లెయిమ్ తిరస్కరిస్తే అక్కడితో వదిలేయకండి. ముందు కంపెనీకి ఫిర్యాదు పెట్టాలి, వాళ్లకు 8 వారాల గడువు. తుది జవాబు వచ్చిన 6 నెలల్లోపు ఇలాంటి తగాదాలు తేల్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, ఖర్చు లేదు. యూకే 2015 ఇన్సూరెన్స్ చట్టంలో 11వ సెక్షన్ ఉంది. జరిగిన నష్టానికి ఏమాత్రం సంబంధం లేని షరతు మీరిన సాకుతో డబ్బు ఎగ్గొట్టడాన్ని అది కట్టడి చేస్తుంది. అయితే పాలసీ పరిధినే గీసే నిబంధనలకు అది వర్తించదు, కంపెనీలు సరిగ్గా అక్కడే వాదిస్తాయి. అందుకే మూడో రకం వాక్యాన్ని అంతగా తప్పించుకోమంటున్నాను.

బయల్దేరే ఉదయం సలహా పేజీని పూర్తిగా ప్రింట్ తీశాను. పైన ‘అప్‌డేట్ అయిన తేదీ’ కనపడాలి. జమ్మూలో దిగినప్పుడు ఒకసారి, కాట్రా నుంచి తిరిగొచ్చినప్పుడు ఒకసారి స్క్రీన్‌షాట్ తీసి దాచాను. ఆ పేజీకి ఈమెయిల్ అలర్ట్ పెట్టుకోవచ్చు, మారగానే వస్తుంది. టాక్సీ రసీదులు, బోర్డింగ్ పాసులు కలిపి ఉంచాను, ఏ గంటకు జమ్మూ దాటానో, ఏ గంటకు తిరిగొచ్చానో అవే సాక్ష్యం. ఇన్సూరెన్స్ కంపెనీ ఎమర్జెన్సీ నంబర్ మా అమ్మ పర్సులో కూడా పెట్టాను. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ముందు ఆ నంబర్‌కు ఫోన్ చేయకపోతే ఆ కారణంతోనే బిల్లు కోయవచ్చు, నేను స్పృహలో లేకపోతే ఫోన్ చేయాల్సింది అమ్మే.