214 కోట్ల చిల్లర

ఇవాళ ఆఫీసులో పెద్ద పనేం లేదు. ఒక టేబుల్‌లో ఐడీల కాలమ్ ఎప్పటికి నిండుతుందో చూడమన్నారు. 32 బిట్ల పూర్ణాంకం అది (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే గడి). ప్లస్సా మైనస్సా అని చెప్పడానికి ఒక బిట్ పోతుంది, మిగతా 31 బిట్లూ ఒకట్లే అయితే 2147483647. అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. 31 రెళ్ళని గుణించి ఒకటి తీసేస్తే వచ్చేదన్నమాట. మేమింకా ఆ దరిదాపుల్లో కూడా లేం, టెన్షన్ అక్కర్లేదని రాసి పంపేశాను.

కానీ ఆ అంకె నన్ను వదల్లేదు. అది ప్రధాన సంఖ్య మరి. ఆ సంగతి 1772లో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు, అదీ చూపు దాదాపు పోయాక!

భోజనం అయ్యాక కాగితం తీసి కూర్చున్నాను. దీని వర్గమూలం 46340 పైచిలుకు. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించుకుంటూ పోతే నాలుగు వేలకు పైగా భాగహారాలు. ఆయిలర్‌కి అంత చాకిరీ అవసరం పడలేదు. దీనికి ఒక ప్రధాన భాజకం ఉందనుకుందాం. రెండుని రెండుతో గుణిస్తూ, ప్రతిసారీ ఆ భాజకంతో భాగించి శేషం రాసుకుంటే, సరిగ్గా 31వ మెట్టు దగ్గర శేషం 1 అవుతుంది. 31 ప్రధాన సంఖ్య కాబట్టి అంతకు ముందు కావడానికి వీల్లేదు. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం భాజకం కంటే ఒకటి తక్కువ మెట్టు దగ్గర కూడా 1 రావాలి. అంటే భాజకంలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 31తో తెగాలి. అది సరిసంఖ్య కూడా కాబట్టి 62తో తెగాలి. దీనిపైన ఇంకో జల్లెడ ఉంది: భాజకాన్ని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 లేదా 63 మిగిలేవాటినే చూడాలి. 63, 249, 311, 497... ఇలా 46340 లోపు మొత్తం 373. వాటిలో 63, 249 మూడుతోనే పోతాయి, 497 ఏడుతో పోతుంది. అసలు భాగించి చూడాల్సినవి ఇంకా తక్కువన్నమాట.

నమ్మకం కోసం చిన్నదానిమీద వేసి చూశాను. 11 బిట్లూ ఒకట్లే అయితే 2047, అంటే 23 ఇంటూ 89. ఒకటి తీసేస్తే 22, 88. రెండూ 22తో తెగాయి. భలే!

కంప్యూటర్ హద్దు ప్రధాన సంఖ్య కావాలని ఎవరూ కోరుకోలేదు, అలా కుదిరిందంతే. 8 బిట్లకి హద్దు 127, ప్రధానమే. 16 బిట్లకి 32767, అది 7, 31, 151ల లబ్ధం. 32కి మళ్ళీ ప్రధానం, 64కి కాదు. 128కి అవును, దాన్ని 1876లో ఫ్రెంచ్ గణితవేత్త లూకా నిరూపించాడు. 256కి కాదు. ఈ "కాదు"ల వెనక కారణం చిన్నదే: ప్లస్ మైనస్ బిట్ పోగా మిగిలే 15, 63, 255 మూడూ 3 గుణిజాలు, అందుకని ఆ హద్దులన్నీ 7తో (మూడు బిట్లూ ఒకట్లే అయితే వచ్చేది) తెగుతాయి. ఈ లెక్కన 512 బిట్లకి మళ్ళీ ప్రధానం రావాలిగా అని ఆశపడ్డాను. రాదు. అక్కడ మిగిలే బిట్లు 511, అంటే 7 ఇంటూ 73. ఈసారి హద్దు 127తో (ఏడు ఒకట్లు) తెగుతుంది.